ఊరందరి ఓటీపీలు నా జేబులో

తొమ్మిదో తరగతిని నేను రెండు తూర్లు చదివినాను. అంత ఇష్టం నాకు ఆ తరగతి మీద. మూడో తూరి కూడా చదువుతానంటే మా లెక్కల అయ్యవారు మా నాయన్ని పిలిపించి, "అప్పా, వీణ్ణి ఇంకా ఈడనే పెట్టుకుంటే నేను రిటైరయ్యే దినము నాకు పూలదండ వేసేది కూడా వీడే అయ్యేటట్టు ఉండాడు. దయచేసి తీసకపో" అని చెప్పేసినాడు. అట్లా చదువూ నేనూ గొడవ లేకుండా మర్యాదగా విడిపోయినాము. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇంత గొప్ప చదువు చదివిన నన్ను నమ్మి, ఒకప్పుడు తిరుచానూరులో నాలుగు వీధుల జనం తమ గుట్టుమట్లన్నీ తెచ్చి నా జేబులో పెట్టినారు. పెట్టినోళ్ళది తప్పా, పెట్టించుకున్నోడిది తప్పా అనేది మీరే తేల్చండి. (నాదేనని నాకు తెలుసు. అయినా మిమ్మల్ని ఒక మాట అడగడం మర్యాద కదా.)

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, ప్రతి ఇంట్లోనూ టీవీ మీద దుమ్ము పడి ఫోన్ల మీద వేళ్ళు పడుతున్న రోజుల్లోనే, మా వైపు గుట్టు అంటే ఆడోళ్ళు బియ్యం డబ్బాలో దాచిపెట్టేది ఒక్కటే. ఫోన్లో ఉండేది కూడా గుట్టేనని ఎవురూ అనుకోలేదు. పాస్‌వర్డు అంటే గుడి ముందర చెప్పులకిచ్చే టోకెను మాదిరి. ఎవురి చేతిలో ఉంటే ఏముంది, తిరిగొచ్చేసరికి చెప్పులు దొరికితే చాలదా అని లెక్క. ఆ టోకెన్లన్నీ పట్టుకుని నిలబడినోణ్ణి నేను.

అమ్మవారి గుడికి పోయే దోవలో ఒక జిరాక్సు అంగడి ఉండేది. దాని ఓనర్ని అందరూ లామినేషనన్న అనేవాళ్ళు. చేతికి ఏ కాగితం దొరికినా దాన్ని ప్లాస్టిక్‌లో ఒత్తేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ఒకతూరి ఎవురో యాత్రికుడు తిరుగు ప్రయాణం బస్సు టిక్కెట్టు జిరాక్సు తియ్యమని ఇస్తే, దాన్ని కూడా వేడివేడిగా లామినేషన్ చేసి చేతిలో పెట్టినాడు. కండక్టరు దాన్ని ఎట్లా చించినాడో ఆ దేవుడికే ఎరుక. అన్న మిషను కాడ కూర్చుంటే, నేను కంప్యూటరు కాడ కూర్చునేవాణ్ణి. పింఛను ఫారం, రేషను కార్డు, గ్యాసు కనెక్షను, హాల్‌టిక్కెట్లు, కొండమీద దర్శనం టిక్కెట్లు, ఏది కావాలన్నా నా వేళ్ళ మీదుగానే పోవాల. స్కూల్లో పలక మీద నడవని వేళ్ళు కీబోర్డు మీద గుర్రాల మాదిరి పరిగెత్తేవి.

ఏ ఫారం నింపినా రెండు అడుగుతుంది కదా, ఒకటి మెయిలు, ఒకటి ఫోను నెంబరు. మెయిలు అనంగానే ఎదురుగా ఉన్నోళ్ళ మొగం వాడిపోయేది. "అదేందబ్బా, అది మా కాడ లేదే!" అని రేషను సరుకు అందనట్టు బెంగపడేవాళ్ళు. "ఉండక్కా, ఇప్పుడే పుట్టిస్తా" అని రెండు నిమిషాల్లో ఒక మెయిలు పుట్టించి, దానికి నామకరణం కూడా నేనే చేసేవాణ్ణి. పాస్‌వర్డు మాత్రం అందరికీ ఒకటే. గోవింద అని రాసి పక్కన ఒకటీ రెండూ మూడూ. వేరే వేరే పెడితే నాకు గుర్తుండొద్దా? పైగా దేవుడి పేరు పెడితే దొంగ భయపడతాడని ఒక నమ్మకం. ఇంక ఫోను నెంబరు సంగతి. ఇంట్లో ఫోను మొగుడి కాడ ఉంటుంది, మొగుడు బెంగుళూరులో ఉంటాడు. లేదంటే సిమ్ము నెలకొకటి మారిపోతా ఉంటుంది. అదీ కాదంటే ఫోను ఉంటుంది గానీ అందులో వచ్చిన నెంబరు చదివేవాళ్ళుండరు. అందుకని నేనే, "ఎందుకక్కా ఈ యవ్వారమంతా, నా నెంబరు పెడతా పో" అనేవాణ్ణి, బస్సులో లేచి సీటు ఇచ్చినంత దర్జాగా. వాళ్ళు కూడా, "నువ్వు సల్లంగుండాల నాయనా" అని దీవించి పోయేవాళ్ళు. మా చుట్టుపక్కల జిరాక్సు అంగళ్ళన్నిట్లోనూ ఇదే పద్ధతి. తప్పని ఎవురికీ తోచలేదు.

ఒక ఏడాది తిరిగేసరికి నా ఫోను మోగని నిమిషం లేదు. పూలంగళ్ళ వరసలో నడిచి పోతాంటే, "ఒరే అబ్బోడా, నాకేమన్నా వచ్చిందా?" అని ఇటు పక్కనుంచి ఒకామె, "నా గ్యాసుది వచ్చిందా సూడు నాయనా" అని అటు పక్కనుంచి ఒకామె. పోస్టుమేన్‌ను అడిగినట్టు అడిగేవాళ్ళు. నాకు ఓటీపీ అబ్బోడు అని పేరు పడింది. తొమ్మిదో తరగతిలో రెండు తూర్లు కూర్చున్నోడికి ఇంత మర్యాద దొరికితే ఊరుకుంటాడా? నేను ఊరుకోలేదు. వచ్చిన మెసేజిని గమ్మున ఎవురిది వాళ్ళకు చెప్పి రాకుండా, టీ అంగట్లో నిలబడి పైకి చదివేదానికి మొదలుపెట్టినాను. దానికి నాలుగు మాటలు నా సొంతవి కలిపి చదివితే జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వించేది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మా బజ్జీల మామ సంగతి చెప్తాను. గుడి మలుపులో మిరపకాయ బజ్జీలు వేసేవాడు. పెండ్లాం పోయి చాన్నాళ్ళయింది. ఒక దినము నా కాడికి వచ్చి, గొంతు తగ్గించి, "రేయ్, ఈ పెండ్లి సంబంధాలు సూసే దాంట్లో నా పేరు కూడా ఎక్కిస్తావా?" అన్నాడు. ఎక్కించినాను. నెంబరు మామూలుగానే నాది. వారం తిరక్కముందే మెసేజి వచ్చింది, మీకు తగిన ముగ్గురు వధువులు దొరికినారు అని. నేను టీ అంగట్లో నిలబడి, "మామకు ఒకరు కాదు, ముగ్గురు! ఒకరు పిండి కలిపేదానికి, ఒకరు మిరపకాయ చీల్చేదానికి, ఒకరు బజ్జీ తిప్పేదానికి!" అని అరిచినాను. అందరూ నవ్వినారు. మామ కూడా నవ్వినాడు. కానీ మర్నాడు అంగడి తియ్యలేదు, ఆ మర్నాడూ తియ్యలేదు. మూడో దినము వచ్చి, "నా పేరు అందులోనించి తీసెయ్ రా" అని మాత్రం చెప్పి పోయినాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. బజ్జీలు దొరకలేదే అని మాత్రం బాధపడినాను. (ఇప్పుడు అర్థమవుతుంది. ఇప్పుడు మామ లేడు.)

మా పూలక్క కూతురు ఒక్కటే నా మాటలకు నవ్వేది కాదు. పూలక్కది గుడి ముందర వరసలో రెండో అంగడి. కూతురు ఇంటరయ్యి, నర్సింగు చదవాలని పరీక్ష రాసింది. ఆ ఫారం కూడా నేనే నింపినాను, నా నెంబరే పెట్టినాను. నింపిన దినమే ఆ పాప, "అన్నా, మా అమ్మ బటన్ ఫోను నెంబరు పెట్టు. నేను చదువుకుంటా" అనింది. "నీకేం గుట్లు ఉండాయి పాపా, నువ్వేమన్నా కలెక్టరువా?" అని నేను నవ్వేసినాను. ఆ పాప నవ్వలేదు.

ర్యాంకు వచ్చిన దినము నేను టీ తాగుతా ఉన్నాను. మెసేజి చూసీ చూడకముందే గ్లాసు కింద పెట్టి పూల వరసకు పరిగెత్తినాను. "పూలక్కా, నీ కూతురికి ర్యాంకొచ్చింది!" అని ఆ నెంబరు గట్టిగా చదివినాను. పక్కంగడి ఆమె, "అబ్బా, అంత పెద్ద నెంబరా! అయితే శానా వచ్చినట్టే" అని సంతోషపడింది. ఎవురో తెలిసినోళ్ళు, "పెద్ద నెంబరయితే ఎనకాల ఉన్నట్టు మే" అన్నారు. "ఎంత ఎనకాల?" అని ఇంకొకామె. "ఆ నెంబరు ఎంతుందో అంతమంది ఎనకాల." "అయ్యో, అంతమందా!" ఇట్లా వరసంతా లెక్కలు వేస్తా ఉండగా, నీళ్ళ బిందె పట్టుకుని ఆ పాప వెనక నిలబడి ఉండేది నేను చూడలేదు. బిందె కింద పెట్టి నా కాడికి వచ్చింది.

"అన్నా, అది నాకు రావాల్సిన మెసేజి" అనింది, గొంతు పెంచకుండానే. "నేను ముందు సూసుకోవాల. ఏడిసేది ఉంటే ఏడిసి, మొగం కడుక్కోని వచ్చి, అప్పుడు మా అమ్మకు చెప్పాల. నువ్వు నాకు ఆ సందు కూడా ఇయ్యలేదు కదన్నా."

  ఆడుండే జనమంతా నన్నే చూస్తా ఉంటే, పరువు పోకుండా ఉండేదానికి, "సరేలే తల్లీ, ఇంకమీదట నీ మెసేజి నేను తాకను కూడా తాకను పో" అని మొగం మాడ్చుకుని వచ్చేసినాను. తప్పు చేసినోడు అలిగితే ఎట్లుంటుందో అట్లా అలిగినాను. ఆ పాప ఫారంలో నా నెంబరు మారుద్దామంటే మటుకు చేతులు రాలేదు. రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం.

ఆ అలకే నా కొంప ముంచింది. కొన్నాళ్ళకు ఒక పొద్దున ఇడ్లీ తింటా ఉంటే మెసేజి వచ్చింది. పైన ఆ పాప పేరు, నర్సింగు అనే మాట కనపడినాయి. తాకనని చెప్పినాను కదా, మాట మీద నిలబడాల్సిందే అని వేలితో పక్కకు తోసేసినాను. జన్మలో నేను మాట మీద నిలబడింది ఆ ఒక్క తూరే. కాలేజీలు ఏవేవి కావాలో వరసగా పెట్టుకునేదానికి మూడు దినాలే గడువు, మూడో దినము సాయంత్రం ఆరు గంటలకు మూసేస్తారు అని అందులో ఉందని నాకేం తెలుసు? తెలుసుకోలేదు. చట్నీ బాగుందని ఇంకో ఇడ్లీ వేయించుకున్నాను.

సరిగ్గా ఆ మూడో దినమే మా అమ్మ మొక్కు. ఆ మొక్కు కథ చెప్తే మీకు నా మీద ఉండే రవ్వంత గౌరవం కూడా పోతుంది, అయినా చెప్తాను. నేను ఏ పనిలోనూ రెండు నెలలు నిలబడేవాణ్ణి కాదు. వీడు ఒక పనిలో ఏడాది నిలబడితే తల నీలాలు ఇప్పిస్తా స్వామీ అని మా అమ్మ మొక్కుకోనింది. నిలబడింది నేను, పోయేది నా జుట్టు, పుణ్యం మాత్రం ఆమెకు. ఆ జుట్టు సామాన్యమైంది కాదు. ముందర నిలబడి, పక్కన దిగి, నడిస్తే ఊగేది. దానికి తోడు గడ్డం. అద్దం ముందర ఎంతసేపు ఉంటానని మా నాయన తిడితే, "సెల్ఫీలో సూసుకుంటా లే" అని ఫోన్లో చూసుకునేవాణ్ణి. ఆ ఫోను నా మొగం చూస్తే చాలు, తెరుచుకునేది. లాకు నెంబరు కొట్టాల్సిన పని లేదు. లామినేషనన్న నా భుజం మీదనుంచి తొంగి చూస్తున్నాడని అనుమానం వచ్చి, వారం ముందరే ఆ లాకు నెంబరు మార్చినాను, ఆరంకెలది. ఫోను తెరవకుంటే మెసేజిలో ఏముందో కూడా కనపడకుండా దాచిపెట్టినాను. కొత్త మెసేజి వచ్చింది అని మాత్రం చూపిస్తుంది. ఊరందరి ఇండ్ల తలుపులూ బార్లా తెరిచిపెట్టి, నా ఒక్కడి ఇంటికి మూడు తాళాలు వేసుకున్నాను.

పొద్దున్నే కొండెక్కినాము. కల్యాణకట్టలో క్షురకుడు నా నెత్తి మీద నీళ్ళు కొట్టి, నాలుగు గీతల్లో పని ముగించేసినాడు. జుట్టు, గడ్డం, మీసం, మూడూ గోవిందార్పణం. నెత్తికి చందనం పూసుకుని బయటికి వస్తే మా అమ్మ నన్ను దాటుకుని ఇంకో గుండు కాడికి పోయి, "రా నాయనా, స్నానం సేద్దువు" అని వాడి చెయ్యి పట్టుకోనింది. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. స్నానం చేసి, ఫోనులు కౌంటర్లో ఇచ్చి, రసీదు తీసుకుని, ఉచిత దర్శనం లైనులో పోయి కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాము. కూర్చుంటే గంటలు గంటలు. పాలు ఇచ్చినారు, ఉప్మా ఇచ్చినారు. మా అమ్మ పక్కనుండే అరవామెతో చేతి సైగలతో కోడళ్ళ గురించి మాట్లాడుకుంటా ఉంది. (మా అమ్మకు అప్పటికి కోడలు లేదు. ఆ మాట చెప్పేదానికి ఆమెకు సైగ తెలీలేదు.)

నాలుగు కొట్టే వేళకు బయట మైకులో గొంతు వినపడింది. కొండమీద తప్పిపోయినోళ్ళ కోసం దినమంతా అరుస్తానే ఉంటారు కాబట్టి ఎవురూ చెవి పెట్టరు. నేనూ పెట్టలేదు. కానీ ఆ గొంతు, "తిరుచానూరు లామినేషన్ అంగడిలో పనిచేయు" అని నా పేరు చదివింది. "మీరెక్కడ ఉన్ననూ వెంటనే సమాచార కేంద్రం వద్దకు రావలెను. మీ చెల్లెలు మీ కొరకు వేచియున్నారు." తెలుగులో అయ్యినాక అరవంలో, కన్నడంలో, హిందీలో కూడా నా పేరు చదివినారు. మా అమ్మ నా వైపు తిరిగింది.

"నీకు చెల్లెలెప్పుడు పుట్టింది రా?"

"నన్నడిగితే ఎట్లమ్మా? నువ్వు చెప్పాల!"

"ఎవుర్రా ఆ పిల్ల? కొండమీదికి మొక్కు తీర్చేదానికి వచ్చినావా, ఇంకేందానికన్నా వచ్చినావా?"

రెండో తూరి చదివినప్పుడు, "పూలంగడి నుండి వచ్చిన మీ చెల్లెలు" అన్నారు.  పక్కకు తోసేసిన మెసేజి కండ్ల ముందరికి వచ్చింది. చదవలేదు, కానీ చదవనందుకే చెమటలు పట్టినాయి. మా అమ్మకు రెండు మాటల్లో చెప్పినాను. ఆమె నా మొగం చూసి, దాన్ని పట్టుకుని తిట్టే ఓపిక కూడా లేనట్టు, "పో. నీ బదులు నేనే మొక్కుకుంటా. ఆడపిల్ల చదువు రా, పో" అనింది. గేటు కాడ ఉన్నాయన, "బయటికి పోతే మళ్ళీ మొదట్నించి రావాల్సిందే స్వామీ" అన్నాడు. సరే స్వామీ అన్నాను.

ఆ పాప బయట స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను ఎదురుగా పోయి నిలబడితే నా పక్కనుంచి వెనకాల వచ్చేవాళ్ళను చూస్తా ఉంది. "పాపా, నేనే" అన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నవ్వు వచ్చినా మింగేసింది. మధ్యాహ్నం ఎవురో క్లాసు పిల్ల ఆప్షన్లు పెట్టుకున్నావా అని అడిగితే తెలిసిందంట. లామినేషనన్న అంగడికి పోతే, లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలని కంప్యూటరు అడిగింది. నా ఫోను మోగి మోగి ఆగిపోతా ఉంది. వాడు కొండకు పోయినాడు అని అన్న చెప్పినాడంట. ఇంక ఆ పాప పూలక్క బటన్ ఫోను పట్టుకుని, పరిగెత్తి బస్సెక్కేసింది. చెల్లెలు అనకపోతే మైకులో చదవరని చెల్లెలినని చెప్పిందంట. "అంతకుమించి ఏమనేది? నా మెసేజిలు తినేసినోడు అంటే మైకులో సదువుతారా అన్నా?" అనింది. టైము నాలుగున్నర దాటింది.

కౌంటర్లో రసీదు చూపించి, బతిమాలి, సంచుల్లోనించి ఫోను వెతికించుకుని తెచ్చుకున్నాము.  మొగం ముందర పెట్టినాను. నెంబరు కొట్టు అంటుంది. మొగం చూడు తల్లీ, నేనే అని మళ్ళీ పెట్టినాను. గుర్తు పట్టలేదు. పట్టేదానికి ఏముంది ఆడ? నా చుట్టూ యాభై గుండ్లు తిరుగుతున్నాయి, అన్నిటికీ చందనం. కన్నతల్లే గుర్తుపట్టలేదు, ఫోను ఎట్లా పడుతుంది? నెంబరు కొడదామంటే, వారం దినాలుగా మొగంతోనే తెరుస్తా ఉండటాన ఆ ఆరంకెలు యాడికి పోయినాయో పోయినాయి. మా అమ్మ పుట్టిన తేదీ కొట్టి చూసినాను, బైకు నెంబరుకు రెండు సున్నాలు చేర్చి కొట్టి చూసినాను, కాదంది. ఊరందరి పాస్‌వర్డులూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి, నా ఒక్కటి గుర్తు లేదు. ఇంకా రెండు తప్పులు కొట్టినాక, కొంచెంసేపు ఆగి ప్రయత్నించండి అని నాకే నీతులు చెప్పింది ఆ ఫోను.

"అన్నా, జుట్టు ఉంటే పడతాదేమో" అని ఆ పాప తన జడ ముందుకు తెచ్చి నా గుండు మీద అడ్డంగా పెట్టింది. నేను పాత ఠీవి తెచ్చుకుని, దవడ బిగించి ఫోన్లోకి చూసినాను. జడ కొస ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది. ఫోను మళ్ళీ కాదంది. చుట్టూ జనం ఆగి చూస్తా ఉన్నారు. వాళ్ళ ఫోన్లు ఇంకా కౌంటర్లోనే ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ సాయంత్రానికి నేను దేశమంతా తిరిగేవాణ్ణి.

నేను మెట్టు మీద కూలబడినాను. "పాపా, నన్ను కొట్టు" అన్నాను. నిజంగానే అన్నాను, అందులో ఎగతాళి లేదు. ఆ పాప కండ్లలో నీళ్ళు తిరిగినాయి, కానీ కిందికి రానియ్యలేదు. ఐదు దాటిపోయింది. నా ఫోను లాక్కుని తిప్పి చూసి, "అన్నా, ఓటీపీ వచ్చేది ఫోనుకా, సిమ్ముకా?" అనింది.

 ఏడాది పాటు ఊరికంతా ఓటీపీలు పంచినోడికి ఆ ఆలోచన రాలేదు.

ఆ పాప చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, నా ఫోను పక్కనుండే బొక్కలో పొడిచి సిమ్ము బయటికి లాగింది. పూలక్క బటన్ ఫోన్లో రెండు సిమ్ములకు జాగా ఉంది, కానీ నాది గోరంత సిమ్ము, ఆ జాగా వేలంత. పెడితే ఆడుతుంది, సిగ్నలు రాదు. నుదుటి మీద బొట్టుబిళ్ళ పీకి, దాంతో సిమ్మును అంటించి, మీద బ్యాటరీ పెట్టి బిగించింది. పూలు కట్టే చేతులు కదా, ఒక్క తూరికే కుదిరింది. ఫోను వెలిగి, సిగ్నలు ఒక గీత, రెండు గీతలు లేచినాయి. నాకు స్వామి దర్శనం అయినంత పనయింది.

లామినేషనన్నకు చేస్తే ఆయన మొదటి రింగుకే ఎత్తినాడు. "అన్నా, ఇప్పుడు పంపు" అంది ఆ పాప. ఒక నిమిషం. రెండు నిమిషాలు. టింగుమని మోగింది. చదివి చెప్పింది. "తెరుచుకోనింది పాపా! తెరుచుకోనింది! ఏ కాలేజీ ముందర, ఏది ఎనకాల, బిన్నా చెప్పు, టైము లేదు" అని అన్న అరిచేది నాకు కూడా వినపడింది. ఆ పాప చెప్పబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా వైపు చూసింది. 

నేను లేచినాను. లేచి, ఆ మూల లడ్డూ కవర్లు అమ్మే ఆమె దాకా నడిచి, ఆడ వెనక్కు తిరిగి నిలబడి, రెండు చెవులూ మూసుకున్నాను. ఎవురి సంగతీ వినకూడదని చెవులు మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు. గుండు మీద ఎండ, రెండు చెవుల మీద రెండు చేతులు. లడ్డూ కవర్ల ఆమె, "ఏం నాయనా, అది కూడా మొక్కేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆరుకు పదినిమిషాలు ఉందనంగా ఆ పాప వచ్చి నా చెయ్యి తట్టింది. అయిపోయిందన్నా అనింది. అప్పుడు ఏడ్చింది. ముందు తానొక్కటే పక్కకు పోయి ఏడ్చి, కొళాయి కాడ మొగం కడుక్కుని, తర్వాతే ఫోను తీసి వాళ్ళమ్మకు చెప్పింది.

మా అమ్మ దర్శనం చేసుకుని లడ్డూలతో బయటికి వచ్చింది. నా గుండు మీద చెయ్యి పెట్టి, "జుట్టు పోయె, దర్శనం కాకపాయె. నీది ఎప్పుడూ సగం పనే కదరా" అనింది. కానీ ఆ లడ్డూల్లో పెద్దది తీసి ఆ పాప చేతిలోనే పెట్టింది.

మర్నాడు పొద్దున్నుంచి నేను ఇల్లిల్లూ తిరిగినాను. ఎవురి నెంబరు వాళ్ళకు, ఎవురి పాస్‌వర్డు వాళ్ళకు. నాకు చెప్పొద్దు, నేను గోడకు తిరిగి నిలబడతా, మీరే కొట్టుకోండి అంటే, జనం నాకు దెయ్యం పట్టిందనుకున్నారు. "ఇదంతా మేము యాడ గుర్తు పెట్టుకునేది? నీ కాడనే ఉండనీ" అని బతిమాలినారు. ఒక తాత తన కొత్త పాస్‌వర్డు కాగితం మీద పెద్దక్షరాల్లో రాయించి, లామినేషనన్నతో లామినేషన్ చేయించి, అంగట్లో దేవుడి పటం పక్కన మేకుకు తగిలించినాడు. మంచి మాట ఒక్క దినంలో ఎక్కదని అప్పుడు నాకు తెలిసింది. బజ్జీల మామ కాడికి కూడా పోయినాను. ఏం చెప్పాలో తెలియక నాలుగు బజ్జీలు తిని, "మామా, తప్పయింది" అన్నాను. మామ ఐదోది నా ప్లేట్లో వేసినాడు.  ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపాయె.

ఆ పాపకు సీటు వచ్చింది. ఎందులోనో, మొదట పెట్టుకున్నదేనో కాదో, నాకు చెప్పలేదు. నేను అడగలేదు, అంటే, చాలా ఏండ్లు అడగలేదు. ఇప్పుడు నాకు సొంతంగా చిన్న అంగడి ఉంది, నెత్తి మీద అప్పటి జుట్టులో సగం ఉంది. (ఈసారి మొక్కు అక్కర్లేకుండానే పోయింది.) మొన్న తల తిరుగుతుంటే తిరుపతిలో ఒక ఆస్పత్రికి పోయినాను. బీపీ చూసేదానికి తెల్లబట్టల్లో వచ్చిందెవరంటే ఆ పాపే. చేతికి పట్టీ చుట్టి గాలి కొడతా ఉంటే, పాత జబ్బు తిరగబెట్టి ఆపుకోలేక అడిగేసినాను.

"పాపా, ఇన్నేండ్లయింది కదా, ఇప్పుడన్నా చెప్పు. ఆ దినము నేను చెవులు మూసుకున్నప్పుడు, మొదట ఏ కాలేజీ పెట్టినావు?"

ఆ పాప గాలి వదిలి, ముల్లు కిందికి దిగేదాకా చూసి, పట్టీ విప్పింది.

"బీపీ బాగానే ఉండాదన్నా. నీకుండేది పక్కోళ్ళ సంగతి తెలుసుకోవాలనే దురద. దానికి మా కాడ మందు లేదు. పోతా పోతా ఆ తలుపు ఏసి పో, లోపల ఇంకో పేషెంటు ఉండాడు."